వరుసలో చివరి మనిషి

ఇరవై ఆరేళ్ళ తర్వాత ఆ విశ్వవిద్యాలయంలో మళ్ళీ విద్యార్థి సంఘం ఎన్నికలు పెట్టారు. ఎన్నికల అధికారిగా ఉండమని అడిగితే ఒక ప్రొఫెసరు నడుం నొప్పి అన్నాడు, ఒకాయన కూతురి కాన్పు అన్నాడు, ఇంకొకాయన కంటి ఆపరేషన్ అన్నాడు. గణాంకశాస్త్రం ప్రొఫెసరుకు చెప్పుకోవడానికి ఏ జబ్బూ లేకపోయింది. విద్యార్థులంతా లెక్కల మేడం అని పిలిచే ఆమె నెత్తినే చివరికి ఆ పని పడింది.

బుధవారం పోలింగ్. పద్నాలుగు బూత్‌లు. డప్పు గుర్తు వాళ్ళూ గొడుగు గుర్తు వాళ్ళూ క్యాంటీను దగ్గర కాసేపు కాలర్లు పట్టుకున్నారు, ఒక కుర్చీ కాలు విరిగింది. అంతకుమించి ఏమీ జరగలేదు. సాయంత్రం ఐదింటికి పెట్టెలకు సీళ్ళు వేసి, ఆమె ఇంటికెళ్ళి కాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టుకుంది.

గురువారం వ్యాయామశాలలో లెక్కింపు. మధ్యాహ్నం రెండింటికల్లా అధ్యక్ష పదవి లెక్క తేలింది. గొడుగు గుర్తు అమ్మాయికి డప్పు గుర్తు అబ్బాయి కంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చింది. రెండోసారి లెక్కపెట్టినా అదే ఒక్కటి. బయట గొడుగుల వాళ్ళు అప్పుడే రంగులు చల్లుకుంటున్నారు.

ప్రకటించే ముందు ఒక్కో బూత్ కాగితాలూ సరిచూడడం పద్ధతి. పదమూడు బూత్‌లు సరిపోయాయి. పద్నాలుగోది భూగర్భశాస్త్ర విభాగం. ఓటర్ల జాబితాలో అరవై మూడు పేర్లు. వాళ్ళలో సంతకం పెట్టినవాళ్ళు యాభై ఎనిమిది మంది. పెట్టెలో బ్యాలెట్లు యాభై తొమ్మిది.

ఆమె జాబితా ఆఖరి పేజీ తిప్పింది. అరవై మూడో గడి కింద, అచ్చులేని తెల్లని చోట, ఎవరో చేత్తో సన్నగా గీత గీసి అరవై నాలుగు అని అంకె వేశారు. పక్కన ఒక పేరు, ఒక సంతకం. సంతకం చివరి అక్షరం తోక పైకి లేచి, రెండుగా చీలి ఉంది.

ఆ తోకను ఆమె ఒకప్పుడు రోజూ చూసేది. లైబ్రరీ పుస్తకాల మీద, హాస్టల్ మెస్ రిజిస్టరులో, కరపత్రాల కింద. గొంతు మనిషికంటే పెద్దదని ఆ సంతకం పెట్టే పిల్లను అందరూ పిచ్చుక అనేవాళ్ళు. పిచ్చుక ఆమెను సున్నా అనేది, గుండ్రటి కళ్ళద్దాలు పెట్టుకునేదని.

ఆమె జాబితా మూసి, మళ్ళీ తెరిచి చూసింది. సంతకం ఉంది.

రిజిస్ట్రారు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ మెత్తగా మాట్లాడతాడు.

"ఏమైంది మేడం? బయట వాళ్ళు ఆగేలా లేరు."

"ఒక బ్యాలెట్ ఎక్కువుందండీ."

"ఒక్కటేగా. లెక్కలో పొరపాటనుకుందాం."

"తేడా కూడా ఒక్కటేనండీ. రూల్ ప్రకారం ఆ బూత్‌లో మళ్ళీ పోలింగ్ పెట్టాలి."

ఆయన నుదురు తుడుచుకున్నాడు. "శనివారం దాకా టైమిస్తాను. రిపోర్టు రాయండి. కాస్త ముందూ వెనకా చూసుకుని రాయండి."

ఆ బూత్‌లో పోలింగ్ అధికారిగా కూర్చున్నది భూగర్భశాస్త్రం చెప్పే కుర్ర లెక్చరరు. ఆయన్ను రాళ్ళ మాస్టారు అంటారు. ఆమె వెళ్ళేసరికి ఆయన విభాగం మ్యూజియం గదిలో, గాజు బీరువాల మధ్య, పోలింగ్ నాడు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. బీరువాల నిండా చీటీలు అంటించిన రాళ్ళు. కిటికీలోంచి పడే ఎండ వాటి మీద నుంచి నెమ్మదిగా జరుగుతోంది.

"మీరొస్తారని తెలుసు మేడం," అన్నాడు. "రాత్రి నిద్ర పట్టలేదు."

"మెల్లగా చెప్పు నాయనా."

"మూడు గంటలప్పుడు వరుసలో ఓ పదిమంది ఉన్నారు. ఆఖర్న ఒకమ్మాయి, గోడకి భుజం ఆనించి. ఆ పదిమందికీ కాగితాలిచ్చి పంపాను. తలెత్తి చూస్తే మళ్ళీ పదిమంది. ఆఖర్న ఆ అమ్మాయే. వెనకొచ్చినవాళ్ళకి దారిస్తోంది కాబోలు అనుకున్నా. నాలుగింటికీ అంతే. ఐదుకి ఐదు నిమిషాలుందనగా ఇంకెవరూ లేరు, ఆ అమ్మాయి ఒక్కతే నా ముందుకొచ్చింది. నా పేరుందేమో చూసి చెప్పండి అంది."

"చూశావా?"

"మూడుసార్లు చూశాను. లేదు. లేదమ్మా అని చెప్పాలి కదా మేడం. నాకు నోరు రాలేదు. ఎందుకో చెప్పలేను. ఆ మాట అంటే ఏదో ఘోరం చేసినట్టవుతుంది అనిపించింది. జాబితా అడుగున గీత గీసి, సంతకం పెట్టించి, కాగితం ఇచ్చేశాను. వేలికి సిరా పెట్టాను. వేలు చల్లగా ఉంది. రాయిలా అని అనను. రాళ్ళతోనే కదా నా బతుకు, మధ్యాహ్నానికి అవి కూడా వేడెక్కుతాయి."

"మరి ఏజెంట్లు? ఇద్దరూ ఇక్కడే ఉన్నారుగా?"

"గొడుగుల వైపు కూర్చున్న అమ్మాయి చూశానంటోంది. డప్పుల అబ్బాయి ఆ టైములో వరుసే లేదంటాడు. నేను గోడతో మాట్లాడుతుంటే అలసిపోయాననుకున్నాడట."

ఆమెకు కూర్చోవాలనిపించింది. అక్కడ ఇంకో కుర్చీ లేదు. రాళ్ళ మాస్టారు లేచి తన కుర్చీ ఇవ్వబోయాడు. ఆమె చటుక్కున వద్దంది. ఇరవై ఆరేళ్ళ కిందట ఆమె కూర్చున్నది కూడా అదే గదిలో, అదే బల్ల వెనక.

అప్పుడామె ఎమ్మెస్సీ రెండో ఏడు. జాబితాలో పేర్లు వెతికి టిక్కులు పెట్టడానికి విద్యార్థుల్లోంచే కొందరిని తీసుకున్నారు. పిచ్చుక ఆ ఏడాది హాస్టల్ అమ్మాయిలను కూడగట్టి లైబ్రరీ వేళల కోసం పదకొండు రోజులు సమ్మె నడిపింది. పోలింగ్ నాటి ఉదయం ఒక ప్రొఫెసరు వచ్చి, "ఈ పిల్లని సస్పెండ్ చేశారు, పేరు కొట్టేయ్," అన్నాడు. ఆర్డరు చూపించమని ఆమె అడగలేదు. ఎర్ర పెన్సిల్‌తో గీత గీసింది. మధ్యాహ్నం పిచ్చుక వరుసలో వచ్చి ఎదుట నిలబడింది.

"పేరు లేదు," అంది ఆమె, జాబితాలోకే చూస్తూ.

"చూసి చెప్పవే సున్నా."

"లేదన్నానుగా."

పిచ్చుక గొడవ చేయలేదు. వెళ్ళి వరుస చివర నిలబడింది. వంతు వచ్చాక మళ్ళీ అడిగింది. మళ్ళీ వెళ్ళి చివర నిలబడింది. ఐదింటిదాకా అలా ఎన్నిసార్లు వచ్చిందో, ఆమె ఒక్కసారీ తల ఎత్తలేదు. ఆ వారంలోనే పిచ్చుక హాస్టల్ ఖాళీ చేసింది. ఎన్నికల నాటి గొడవల పేరు చెప్పి ఆ ఏడాదినుంచే ఎన్నికలు కూడా ఎత్తేశారు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆ గదిలో వరుస కట్టలేదు.

లెక్కల మేడం అక్కడినుంచి నేరుగా పాలనా భవనం కింది అంతస్తుకు, పాత రికార్డుల గదికి వెళ్ళింది. గుమాస్తా నిచ్చెన వేసి, తుమ్ముతూ దుమ్ముకొట్టుకుపోయిన కట్ట దించాడు. పాత జాబితా ఉంది. ఎర్ర గీత ఇంకా ఎర్రగానే ఉంది. దాని వెనక సస్పెన్షన్ ఆర్డరు. తేదీ చూసింది. పోలింగ్ అయిన రెండు రోజులకు ఇచ్చిన ఆర్డరు అది. అడుగున ఒక వాక్యం: విచారణ ముగిసేవరకు.

"విచారణ ఎప్పుడు ముగిసింది?" అని అడిగింది.

గుమాస్తా కాగితాలన్నీ అటూ ఇటూ తిప్పాడు. "మొదలుపెట్టినట్టే లేదండి. పేరు తీసేసినట్టూ లేదు. రికార్డు ప్రకారమైతే ఆవిడింకా మన స్టూడెంటే."

నవ్వాడు కూడా. ఆమె ముఖం చూసి ఆపేశాడు.

సాయంత్రం క్వార్టర్సుకు చేరేసరికి అక్క వరండాలో దినపత్రిక గళ్ళనుడికట్టు నింపుతోంది. అక్క రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. బావ పోయినప్పటినుంచి చెల్లెలి దగ్గరే ఉంటోంది. విషయమంతా విని అక్క ఏమీ ఆశ్చర్యపోలేదు. లోపలికెళ్ళి చిన్న డైరీ తెచ్చి, ఒక పేజీ తీసి ఇచ్చింది. పిచ్చుక పేరు, ఆస్పత్రి పేరు, నంబరు.

"నీ దగ్గర ఎప్పటినుంచి ఉందిది?"

"పద్దెనిమిదేళ్ళైంది. మీ బావకి డయాలసిస్ చేయించింది ఎక్కడనుకున్నావు? ఆ పిల్ల చేతుల మీదే ఆయన ఆఖరి రెండేళ్ళు గడిచాయి."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వెప్పుడైనా అడిగావా? ఆ పిల్ల మాట ఎత్తితే చాలు, గిన్నెలు కడగడానికి లేచేదానివి."

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కింది. మూడు గంటల ప్రయాణం. ఆస్పత్రి రెండో అంతస్తులో డయాలసిస్ వార్డు. ఎనిమిది మంచాలు, పక్కనే ఎనిమిది యంత్రాలు, గొట్టాల్లో తిరుగుతున్న రక్తం. లేతాకుపచ్చ దుస్తుల్లో ఒక చిన్నపాటి మనిషి యంత్రం తెర మీది అంకెలు నోట్ చేసుకుంటోంది. జుట్టు సగం నెరిసింది. తల తిప్పకుండానే అంది:

"చెప్పులు బయట విడవాలి సున్నా. బోర్డు చూడలేదా?"

ఆమె వెనక్కెళ్ళి చెప్పులు విడిచి వచ్చింది. ఇద్దరూ కిటికీ పక్కన స్టూళ్ళ మీద కూర్చున్నారు. ఆమె నేరుగా అడిగేసింది.

"బుధవారం మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

పిచ్చుక గడ్డంతో తలుపు వైపు చూపింది. "అదిగో, ఆ నడవలో. మందునీళ్ళ క్యాన్ తేవడానికెళ్ళాను. గోడ దగ్గర ఆగిపోయానట. సిస్టరు భుజం పట్టి కుదిపితే, వెనకొచ్చినవాళ్ళని ముందు పోనివ్వండి అన్నానట. మధ్యమధ్యలో అరడుగు ముందుకు జరిగేదాన్నట. మళ్ళీ వెనక్కి. రెండు గంటలు. డాక్టరు తలకి స్కానింగులు తీయించాడు. శుభ్రంగా ఉందన్నాడు."

"నీకేం గుర్తుంది?"

"రాళ్ళ బీరువాలు. ఎవరో కుర్రాడు కాగితం ఇచ్చాడు. ఆ కాగితం అందుకుంటుంటే ఏడుపొచ్చింది నాకు. మా అమ్మ పోయినప్పుడు కూడా అంత రాలేదు. ఏ గుర్తుకేశానో మాత్రం తెలీదు."

ఎడమచేయి చాచింది. చూపుడువేలి గోరు మొదట్లో ఊదారంగు సిరా గీత. "స్పిరిట్‌తో రుద్దినా పోలేదు. సిస్టర్లు నా పక్కన కూర్చుని అన్నం తినడం మానేశారు."

లెక్కల మేడం ఆ వేలిని పట్టుకుంది. చల్లగా లేదు. మామూలు మనిషి వేలే.

"నీ పేరు కొట్టేసింది నేనే పిచ్చుకా."

"తెలుసు. నీ ముందే కదా నిలబడ్డాను. కొట్టేసిన పేరు నాకు తల్లకిందులుగా కనపడింది."

"అప్పటికి ఆర్డరు రాలేదు. నిన్ననే చూశాను. రెండ్రోజుల తర్వాత వచ్చింది."

"అడిగుంటే ఆ రోజే తెలిసేది."

"అడగలేదు."

"పోనీ, తలెందుకు ఎత్తలేదే?"

"భయమేసింది."

"ఆ ప్రొఫెసరంటేనా?"

"నువ్వంటేనే."

ఒక యంత్రం కూత పెట్టింది. పిచ్చుక లేచి వెళ్ళి, గొట్టం మడత సరిచేసి, మంచం మీద పెద్దాయన్ను ఏదో అని నవ్వించి తిరిగొచ్చింది. కోపంగా లేదు. అలాగని దగ్గరగానూ లేదు.

"సోమవారం ఆ బూత్‌లో మళ్ళీ పోలింగ్. నీ పేరు తీసేసినట్టు ఎక్కడా లేదు. నువ్వింకా విద్యార్థివే. జాబితాలో అచ్చు వేయిస్తాను. రా."

"నలభై తొమ్మిదేళ్ళ స్టూడెంటునా?" అని పిచ్చుక పెదవి విరిచింది. తర్వాత అంది, "సెలవు దొరికితే వస్తా."

శనివారం పొద్దున ఆమె రిపోర్టు రాయడానికి కూర్చుంది. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ చింపింది. పిచ్చుక ఇప్పటికీ విద్యార్థే అయితే బుధవారం నాటి ఓటు కూడా చెల్లాలి. కానీ మూడు గంటల ప్రయాణం దూరంలో ఆస్పత్రి నడవలో నిలబడ్డ మనిషి ఇక్కడ ఓటేసిందని ఎలా రాయడం? రాస్తే పాత కథంతా రాయాలి, ఎర్ర పెన్సిల్‌తో సహా. ఐదోసారి రాసింది: "గుర్తు తెలియని వ్యక్తి ఒకరు ఓటు వేసిన కారణంగా సదరు బూత్‌లో పోలింగ్ రద్దు చేయడమైనది." అది చదివి రిజిస్ట్రారు స్థిమితపడ్డాడు. ఆ ఊపులో జాబితాలో అరవై నాలుగో పేరు చేర్చడానికి కూడా పెద్దగా అడ్డం చెప్పలేదు. విచారణ పెండింగ్ అన్న ముక్క ఆయనకు నచ్చలేదు గానీ, కాగితం మీద ఉన్నదాన్ని కాదనలేకపోయాడు.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి పిచ్చుక వచ్చింది. ఉతికిన చీర, భుజానికి సంచి. వరుసలో పదిమంది పిల్లలుంటే వాళ్ళ వెనక నిలబడింది. రాళ్ళ మాస్టారు ఆమెను చూడగానే చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేశాడు.

"ఈవిడేనా?" అని లెక్కల మేడం మెల్లగా అడిగింది.

"ముఖం అదే మేడం. కానీ ఆ రోజు ఇరవై దాటుంటాయేమో, అంతే."

వరుస కదిలింది. ఈసారి వెనకొచ్చినవాళ్ళు వెనకే నిలబడ్డారు. పిచ్చుక వంతు వచ్చింది. రాళ్ళ మాస్టారు పేరు చదివి, సంతకం పెట్టించి, కాగితం ఇచ్చాడు. మొదటిసారి ఓటేసినవాళ్ళ చూపుడువేళ్ళకు ఇంకా సిరా ఉంది కాబట్టి మళ్ళీ పోలింగ్‌లో అందరికీ నడిమివేలికే గుర్తు పెడుతున్నారు. పిచ్చుకకూ అలాగే పెట్టాడు. పిచ్చుక తెర వెనక్కెళ్ళి, వచ్చి, కాగితం పెట్టెలో వేసి బయటికి నడిచింది.

లెక్కల మేడం వెంట వెళ్ళింది. పిచ్చుక గుమ్మం పక్క గోడ దగ్గర నిలబడి ఉంది. అక్కడ అంటించిన పోలింగ్ రద్దు నోటీసు చూస్తోంది.

"వరుసలో ఉన్నంతసేపూ ఇదే చదివాను," అంది. "గుర్తు తెలియని వ్యక్తి అంటే ఎవరే?"

ఆమె కూడా నోటీసు వైపు చూసింది.

"ఇవాళ కాగితం ఇస్తే నాకేమీ అనిపించలేదు సున్నా. బస్సు టికెట్టు తీసుకున్నట్టుంది. నా ఓటు ఇది కాదు. బుధవారం వేసిందే నా ఓటు. ఇరవై ఆరేళ్ళు నిలబడి వేశాను దాన్ని. నేనని తెలిసి కూడా దాన్ని రద్దు చేశావు."

"ఎలా రాయమంటావు? ఎవరు నమ్ముతారు?"

"నమ్మడం వాళ్ళ పని. రాయడం నీ పని. రెండుసార్లూ నువ్వే కొట్టేశావు."

గొంతు పెంచి అనలేదు. అలా అని సంచి సర్దుకుని మెట్ల మీద కూర్చుంది. కాళ్ళు నొప్పిగా ఉన్నాయంది.

లెక్కల మేడం నోటీసు ముందు చాలాసేపు నిలబడింది. లోపల వరుసలో పిల్లలు నవ్వుకుంటున్నారు. గదిలోకి చూడడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఆ వరుస చివర గోడకు ఆనుకుని ఇంకా ఎవరైనా ఉన్నారేమో అనిపించింది. అయినా తల తిప్పి చూసింది. పిల్లలే ఉన్నారు. ఒక్కొక్కరి ముఖమూ చూసింది.

అప్పుడు కలం తీసి, నోటీసులో గుర్తు తెలియని వ్యక్తి అన్న మాటలు కొట్టేసి, పైన పిచ్చుక అసలు పేరు రాసింది. పక్కన, భూగర్భశాస్త్ర విద్యార్థిని అని రాసింది. కింద, ఈమె పేరును ఇరవై ఆరేళ్ళ కిందట ఆర్డరు లేకుండానే జాబితాలోంచి కొట్టేసింది నేను అని రాసి, సంతకం చేసి, తేదీ వేసింది. వరుసలోంచి ఒకమ్మాయి వచ్చి ఫోనుతో ఫోటో తీసుకుంది. చూస్తుండగానే ఇంకో నలుగురు వచ్చారు.

పిచ్చుక లేచి వచ్చి చదివింది. రెండుసార్లు చదివింది. "చేతిరాత ఏం మారలేదు నీది," అంది. అంతే.

ఆ సాయంత్రం లెక్కింపులో డప్పు గుర్తు అబ్బాయి మూడు ఓట్లతో గెలిచాడు. మర్నాటికల్లా ఆ గెలుపు సంగతి ఎవరికీ పట్టలేదు. నోటీసు ఫోటో ప్రతి ఫోనులోనూ ఉంది. రిజిస్ట్రారు మెత్తగా మాట్లాడడం మానేశాడు. ఆమెను ఎన్నికల పని నుంచి, విభాగం అధిపతి పదవి నుంచి తప్పించి, ముగ్గురితో కమిటీ వేశారు. ఓటు సంగతి కమిటీ అడగలేదు, మిగతాదంతా అడిగింది. ఆమె ప్రతి ప్రశ్నకూ వాళ్ళ ముఖాల్లోకి చూస్తూ జవాబు చెప్పింది. రాళ్ళ మాస్టారు తనను పిలవకపోయినా వెళ్ళి, బుధవారం తాను కాగితం ఇచ్చింది ఆ పేరుగల మనిషికే అని రాసిచ్చి వచ్చాడు.

పిచ్చుక ఆస్పత్రి నుంచి శుక్రవారం ఫోన్ చేసింది. అక్కతో చాలాసేపు మాట్లాడింది. చివర్లో, "దాన్ని ఆదివారం రమ్మను అక్కా, నాకు సెలవు," అందట.

"నేను కూడా రానా?" అని అక్క అడిగింది.

"ఈసారికి వద్దులే," అని లెక్కల మేడం చీరలు మడతపెడుతూ అంది. ఆదివారం మొదటి బస్సుకే వెళ్ళింది.